కెమెరా చలానా: చెల్లించవలెనా? ప్రశ్నించవచ్చునా?

(ప్రత్యేక వ్యాసం)

అనకాపల్లి: కూడలిలో పోలీసు కనిపించలేదు. వాహనాన్ని ఎవరూ ఆపలేదు. చేతికి రసీదు ఇవ్వలేదు. అయినా కొద్ది రోజుల తరువాత వాహన యజమాని సెల్‌ఫోనుకు ఒక సందేశం వస్తుంది. ఫలానా తేదీన, ఫలానా సమయంలో, ఫలానా చోట మీ వాహనం నిబంధనలు ఉల్లంఘించినది, ఇంత సొమ్ము చెల్లించవలెనని అందులో ఉంటుంది. అనకాపల్లి నుండి నిత్యం విశాఖపట్నం వెళ్లి వచ్చే ఉద్యోగులు, అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామిక ప్రాంతాలకు ద్విచక్ర వాహనాలపై వెళ్లే కార్మికులు, బెల్లం మార్కెట్టుకు సరకు చేరవేసే వాహనాల యజమానులు ఇటువంటి సందేశం అందినప్పుడు అడిగే ప్రశ్న ఒకటే. ఎదురుగా నిలిపి ఎవరూ చెప్పని తప్పుకు సొమ్ము చెల్లించవలసిన అవసరం ఉన్నదా?

ఈ ప్రశ్నకు చట్టంలో స్పష్టమైన సమాధానం ఉన్నది. ఉల్లంఘన నిజమైనప్పుడు గడువులోగా చెల్లించడం సరియైన మార్గం. నోటీసు పొరపాటుగా వచ్చినదైతే అదే గడువులోగా ఆధారాలతో అభ్యంతరం తెలపడం యజమాని హక్కు. ఈ రెండూ చేయకుండా మౌనంగా ఉండిపోవడం మాత్రమే యజమానికి నష్టం కలిగించే మార్గం. అదే విధంగా, నిబంధనల ప్రకారం నోటీసు పంపవలసిన బాధ్యత అధికారులపై కూడా అంతే ఉన్నది.

కెమెరాకు చట్టబద్ధత ఎక్కడిది?

మోటారు వాహనాల చట్టం, 1988కి పార్లమెంటు 2019లో విస్తృతమైన సవరణలు చేసింది. వీటిలో అనేకం 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. ఈ సవరణల ద్వారా చేర్చిన 136-ఏ సెక్షను ప్రకారం జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, నిర్దేశిత నగరాలలో రహదారి భద్రతను ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా పర్యవేక్షించి, నిబంధనలు అమలు చేయవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలది. ఇందుకు అవసరమైన విధివిధానాలను కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 167-ఏ నిబంధనగా కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్రకటించింది.

రహదారి భద్రతపై కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్య నిపుణులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో దాఖలు చేసిన వ్యాజ్యంలో, 136-ఏ సెక్షనును, 167-ఏ నిబంధనను అమలు చేయవలసిందిగా సర్వోన్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరు 2న ఆదేశాలు ఇచ్చింది. కావున కెమెరా ద్వారా నమోదైన ఉల్లంఘనకు చట్టబద్ధత లేదన్న వాదన నిలువదు. అయితే ఆ కెమెరా, దాని ఆధారంగా పంపిన నోటీసు చట్టం చెప్పిన విధంగా ఉన్నాయా లేదా అన్నది మాత్రం ప్రతి కేసులోనూ అడుగదగిన ప్రశ్నయే.

పర్యవేక్షణ ఎందుకు అవసరమైనది?

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రహదారి ప్రమాదాలు జరుగగా 1,68,491 మంది మరణించారు. మరణాలలో 71 శాతానికి పైగా అతివేగం వల్ల సంభవించినవే. హెల్మెట్ ధరించని కారణంగా 50,029 మంది, సీటు బెల్టు పెట్టుకోని కారణంగా 16,715 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఒక్క సంవత్సరంలోనే మృతుల సంఖ్య 8 వేలు దాటింది. ద్విచక్ర వాహనదారులకు హెల్మెట్ తప్పనిసరి చేయవలసిందిగా రాష్ట్ర హైకోర్టు 2024 జూన్‌లో ఆదేశించింది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు ఈ అంకెలు దూరపు విషయం కాదు. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నెంబరు జాతీయ రహదారి పాయకరావుపేట, నక్కపల్లి, యలమంచిలి, కశింకోట, అనకాపల్లి మీదుగా సాగుతున్నది. దూర ప్రాంతాలకు వెళ్లే లారీలు, బస్సులు, గ్రామాల నుండి వచ్చే ఆటోలు, ట్రాక్టర్లు, పరిశ్రమలలో షిఫ్టు ముగించుకొని ఇంటికి చేరే కార్మికుల మోటారు సైకిళ్లు ఒకే దారిని పంచుకుంటున్నాయి. ఇంతటి నిడివి గల రహదారిపై రాత్రింబవళ్లు ప్రతి కూడలిలో సిబ్బందిని నిలపడం సాధ్యం కాదు. నిబంధన అమలు కావడానికి పోలీసు ఎదుట ఉండటం షరతు కారాదన్నదే ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ ఉద్దేశం.

నోటీసులో ఏమేమి ఉండవలెను?

అతివేగం, ఎర్ర దీపాన్ని దాటిపోవడం, హెల్మెట్ లేదా సీటు బెల్టు లేకపోవడం, ఎదురు దిశలో వాహనం నడపడం, నడుపుతూ సెల్‌ఫోను వినియోగించడం, నిషేధిత ప్రదేశంలో నిలపడం, అధిక బరువు వంటి ఉల్లంఘనలు ఈ నిబంధన పరిధిలోకి వస్తాయి. 2021లో ప్రకటించిన 167-ఏ నిబంధన ప్రకారం నోటీసుతోపాటు ఈ క్రింది వివరాలు ఉండవలెను.

- ఉల్లంఘన, వాహనం నెంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఛాయాచిత్రం
- పరికరం నమోదు చేసిన కొలత (ఉదాహరణకు వేగం)
- ఉల్లంఘన జరిగిన తేదీ, సమయం, ప్రదేశం
- ఉల్లంఘించిన చట్ట నిబంధన
- ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువపత్రం, అధీకృత అధికారి సంతకం

ఎలక్ట్రానిక్ సాక్ష్యపు ధ్రువపత్రాన్ని అప్పటి భారత సాక్ష్య చట్టం, 1872లోని 65-బి సెక్షను ప్రకారం జతపరచవలసి ఉండేది. 2024 జులై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం, 2023 అమలులోకి రాగా, అందులోని 63వ సెక్షను ఈ అంశానికి వర్తిస్తుంది.

ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపవలెనని, కెమెరా ఉన్నదని తెలిపే హెచ్చరిక బోర్డులను ముందుగా ఏర్పాటు చేయవలెనని కూడా 2021 నాటి నిబంధన నిర్దేశించింది. చాటుగా నిలిచి పట్టుకోవడం కాక, ముందే చెప్పి వేగం తగ్గింపజేయడమే ఈ ఏర్పాటు లక్ష్యమని దీనివలన స్పష్టమవుతున్నది.

తూకపు రాయికి ముద్ర, వేగపు కొలతకు ముద్ర

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో రైతు తెచ్చిన దిమ్మలు తూచే కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండవలెనని అందరికీ తెలిసినదే. ముద్ర లేని కాటాపై తూచిన తూకాన్ని రైతు అంగీకరించడు. వాహన వేగాన్ని కొలిచే పరికరానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 167-ఏ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండవలెను, దానిని ఏటా పునరుద్ధరించవలెను. వీటికి తోడు, వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలను తనిఖీ చేసి ముద్ర వేయడాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025లో తూనికలు, కొలతల నిబంధనలను ప్రకటించింది. ఇవి 2025 జులై 1 నుండి అమలులోకి వచ్చాయి.

కొలిచే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. రాడార్ పరికరం వాహనానికి తగిలి తిరిగి వచ్చే తరంగాలలోని మార్పును బట్టి ఆ క్షణపు వేగాన్ని లెక్కిస్తుంది. మరొక పద్ధతిలో రెండు చోట్ల కెమెరాలు ఉంచి, ఆ దూరాన్ని వాహనం ఎంతసేపటిలో దాటినదో చూస్తారు. ఉదాహరణకు 10 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాలలోనే దాటిన వాహనం సగటు వేగం గంటకు 100 కిలోమీటర్లు అవుతుంది. కెమెరా కనబడగానే బ్రేకు వేసి, దాటగానే వేగం పెంచే అలవాటు ఈ పద్ధతి ముందు పనికిరాదు.

జరిమానా వేరు, రాజీ రుసుము వేరు

చలానా అనగానే శిక్ష పడినట్లు భావించడం సరికాదు. నేరాన్ని నిర్ధారించి జరిమానా విధించే అధికారం న్యాయస్థానానిది. చలానాలో పేర్కొన్న సొమ్ము చట్టంలోని 200వ సెక్షను క్రింద చెల్లించే రాజీ రుసుము. ఇది చెల్లించిన పిమ్మట ఆ ఉల్లంఘనపై తదుపరి విచారణ ఉండదు. అయితే అదే ఉల్లంఘన తిరిగి చేసినప్పుడు, రాజీ అయిన పాత ఉల్లంఘనను మొదటిదిగా లెక్కించి, తరువాతి దానిని రెండవసారి చేసిన తప్పుగా పరిగణిస్తారు.

కేంద్ర చట్టం ప్రకారం అతివేగానికి తేలికపాటి వాహనాలపై రూ.1,000 నుండి రూ.2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలపై రూ.2,000 నుండి రూ.4,000 వరకు జరిమానా ఉన్నది. సీటు బెల్టు లేనిచో రూ.1,000, హెల్మెట్ లేనిచో రూ.1,000 జరిమానాతోపాటు మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి. రాజీ రుసుము ఎంత అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రుసుములను 2020 అక్టోబరులో సవరించడం జరిగింది.

రోజు కూలిపై ఆధారపడే కుటుంబానికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. అందువలననే ఆ మొత్తాన్ని కోరే నోటీసు లోపరహితంగా ఉండటం అత్యవసరం.

బండి నాది, నడిపినది నేను కాదు

కెమెరా గుర్తించేది నెంబరు ప్లేటును. కావున నోటీసు రిజిస్టరైన యజమాని పేరనే వస్తుంది. ఉల్లంఘన వేళ వాహనం నడిపిన వారి పేరు, చిరునామా, లైసెన్సు వివరాలను అధీకృత పోలీసు అధికారి అడిగినప్పుడు తెలియజేయవలసిన బాధ్యతను 133వ సెక్షను యజమానిపై ఉంచింది. లారీలు, ట్యాక్సీలు నడిపించే యజమానులు ఏ తేదీన ఏ డ్రైవరు ఏ వాహనం తీసుకొనిపోయినదీ పుస్తకంలో వ్రాసి ఉంచుకొనడం శ్రేయస్కరం. మైనరు బాలుడు నడిపినట్లు తేలినచో 199-ఏ సెక్షను ప్రకారం సంరక్షకుడు లేదా యజమాని దోషి అవుతారు. మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష, రూ.25,000 జరిమానా, పన్నెండు నెలలపాటు వాహన రిజిస్ట్రేషను రద్దు ఇందుకు ఉన్న శిక్షలు.

వాహనం అమ్మివేసి, యాజమాన్య బదిలీ పూర్తి చేయించని వారు తరచుగా చిక్కుల్లో పడుతున్నారు. ఖాళీ ఫారములపై సంతకాలు పెట్టి సొమ్ము తీసుకొనడంతో బాధ్యత తీరదు. రాష్ట్రంలోనే అమ్మినప్పుడు విక్రేత 14 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియపరచవలెనని 50వ సెక్షను చెబుతున్నది. రికార్డులలో ఎవరి పేరు ఉన్నదో వారినే యజమానిగా పరిగణించవలెనని ఒక ప్రమాద పరిహారపు కేసులో సర్వోన్నత న్యాయస్థానం 2018లో తీర్పు చెప్పింది. కొన్నవారు నడిపిన వాహనానికి అమ్మినవారికి నోటీసులు రావడానికి కారణం ఇదే.

నోటీసు పొరపాటుగా వచ్చినచో

యంత్రం కూడా పొరబడుతుంది. బురద పట్టిన ప్లేటుపై 8 అంకె బి అక్షరంవలె, సున్న అంకె ఓ అక్షరంవలె కనిపించవచ్చు. గతంలో విశాఖపట్నం జిల్లా వాహనాలను ఏపీ 31 అనే సంకేతంతో గుర్తించగలిగేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సంకేతం ప్రవేశపెట్టిన తరువాత, ఒక్క అక్షరం తప్పుగా చదివినా మరో జిల్లా వాహనానికి నోటీసు వెళ్లే అవకాశం ఏర్పడింది. దొంగ నెంబరు ప్లేట్లతో తిరిగే వాహనాల వలన నిర్దోషులకు నోటీసులు అందే సందర్భాలూ ఉన్నాయి. 2019 ఏప్రిల్ 1 నుండి తయారైన వాహనాలకు అధిక భద్రత గల ప్లేట్లు తప్పనిసరి చేయడంలోని ఉద్దేశాలలో ఇటువంటి మోసాలను అరికట్టడం ఒకటి.

నోటీసు అందిన వెంటనే ఛాయాచిత్రంలోని వాహనం రకం, రంగు, నెంబరు తన వాహనంతో సరిపోలుతున్నవో లేదో యజమాని పరిశీలించవలెను. తేడా ఉన్నచో రిజిస్ట్రేషను పత్రం, వాహనం ఫోటో, ఆ సమయంలో వాహనం వేరొక చోట ఉన్నట్లు చూపే టోల్ లేదా పార్కింగ్ రసీదు వంటి ఆధారాలు జతపరచి, నోటీసు జారీ చేసిన విభాగానికి అభ్యంతరం పంపవలెను. పంపినట్లు రుజువు తీసుకొనవలెను. దొంగ ప్లేటు అని అనుమానం ఉన్నచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయడం ఆలస్యం చేయరాదు. అభ్యంతరం అంగీకరించనిచో న్యాయస్థానం ఎదుట తన వాదన చెప్పుకొనవచ్చును. గడువులు, విధానాలు కాలానుగుణంగా సవరించబడుతున్నందున నోటీసులో పేర్కొన్న గడువునే ప్రమాణంగా తీసుకొనవలెను.

రాయితీ వస్తుందని వేచి ఉండవచ్చునా?

చెల్లించని చలానా దానంతట అది రద్దు కాదు. విషయం న్యాయస్థానానికి వెళ్లవచ్చు, సమను రావచ్చు. వాహనం అమ్మే వేళ బకాయిలు బయటపడి బేరం నిలిచిపోవచ్చు.

ఈ విషయంలో తెలంగాణ అనుభవం గమనించదగినది. పేరుకుపోయిన చలానాల వసూలుకు అక్కడ 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం రాయితీ ప్రకటించారు. 2023 డిసెంబరు చివరిలో మరొకసారి ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం రాయితీ ఇచ్చారు. ఈ రాయితీలు బకాయిదారులకు ఊరట కలిగించిన మాట వాస్తవం. అయితే గడువులోగా పూర్తి సొమ్ము చెల్లించినవారు ఎక్కువ ఇచ్చినట్లు, వేచి చూచినవారు తక్కువతో బయటపడినట్లు అయినది. ఒకప్పుడు వచ్చిన రాయితీ మరల వస్తుందన్న హామీ ఏదీ లేదు. ఆ ఆశతో మౌనంగా ఉన్నవారి పేర చలానాలు ఒకటికి పది కావడమే సాధారణంగా జరిగేది.

ఇతర ప్రాంతాలలో

కేరళ రాష్ట్రం 726 కెమెరాలను ఏర్పాటు చేసి, ముందు కొంతకాలం అవగాహనకు కేటాయించి, 2023 జూన్ 5 నుండి జరిమానాలు ప్రారంభించింది. బ్రిటనులో వేగపు కెమెరాలు 1992 నుండి ఉన్నాయి. అక్కడ రిజిస్టరైన యజమానికి సాధారణంగా 14 రోజులలోగా నోటీసు అందవలెను. వాహనం నడిపినది ఎవరో యజమాని 28 రోజులలోగా చెప్పవలెను. తెలుగువారు అధిక సంఖ్యలో నివసించే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అందుకు భిన్నంగా ఎర్ర దీపపు కెమెరాలను 2019లో చట్టం ద్వారా నిషేధించింది. నోటీసు సకాలంలో అందడం, వాహనం నడిపినది ఎవరో తేలడం, ప్రజలకు నమ్మకం ఉండటం ఎక్కడైనా ఈ విధానానికి ఆయువుపట్టు అని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

నకిలీ సందేశాలతో జాగ్రత్త

చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దానిని ఫోనులో వేసుకొన్నవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసాలు దేశవ్యాప్తంగా నమోదవుతున్నాయి. అసలు చలానా చెల్లించడానికి సందేశంలో వచ్చిన ఫైలును ఫోనులో వేసుకొనవలసిన అవసరం లేదు. సందేశంలోని లింకును నొక్కక, కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఈ-చలాన్ పోర్టల్‌లోగాని, రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైటులోగాని వాహనం నెంబరుతో స్వయంగా వెదకి చూచుకొనవలెను. మోసపోయినవారు వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఈ-చలానా చెల్లింపుల సొమ్ము దారి మళ్లిన వ్యవహారం 2023లో మన రాష్ట్రంలోనే వెలుగుచూసి కేసు నమోదైన దృష్ట్యా, చెల్లించిన ప్రతివారు రసీదు భద్రపరచుకొని, పోర్టల్‌లో బకాయి తొలగినదీ లేనిదీ సరిచూచుకొనడం మంచిది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

నోటీసుపై సంతకం చేసే అధికారి ఛాయాచిత్రం, నెంబరు, ప్రదేశం, పరికరపు ధ్రువపత్రం సరిచూచిన తరువాతనే దానిని పంపవలెను. ఒక తప్పు నోటీసు నిర్దోషిని కార్యాలయాల చుట్టూ త్రిప్పడమే కాక, సరియైన వంద నోటీసులపై అనుమానం కలిగిస్తుంది. అమలు చేసే అధికారం గలవారే ఉల్లంఘనకు పాల్పడినచో 210-బి సెక్షను ప్రకారం రెట్టింపు జరిమానాకు అర్హులు. ప్రభుత్వ వాహనాలలో ప్రయాణించే అధికారులు సైతం సీటు బెల్టు, వేగపరిమితి పాటించడం ద్వారా ఆదర్శంగా నిలువవలసి ఉన్నది.

పాత్రికేయులు ఈ అంశంపై వ్రాసేటప్పుడు చలానాకు, న్యాయస్థానం విధించే జరిమానాకు మధ్య భేదాన్ని పాఠకులకు తెలియజేయడం, అభ్యంతరం తెలిపే విధానాన్ని కూడా ప్రచురించడం, చలానా ఛాయాచిత్రాలలోని వ్యక్తుల ముఖాలు, వాహన నెంబర్లు బహిర్గతం చేయకుండా ఉండటం సముచితం.

కెమెరా చలానా లక్ష్యం ఖజానా నింపడం కాదు, ఇంటి నుండి బయలుదేరినవారు క్షేమంగా తిరిగి చేరడం. హెచ్చరిక బోర్డు చూచి వేగం తగ్గించిన వాహనదారునికి చలానా రాదు, చెల్లించవలసిన సొమ్మూ ఉండదు. తప్పు జరిగినచో గడువులోగా చెల్లించి, జరగనిచో గడువులోగా ప్రశ్నించి, వాహనదారులు ఈ విధానం సక్రమంగా అమలు కావడానికి తోడ్పడవలసి ఉన్నది.